నమ్మేదాకా వచ్చేవాడు

నేబెల్ గ్రామం, ఆమ్రుమ్ దీవి
8 జూన్ 1941

ఒరేయ్ కేటెల్,

నీ కార్డు నిన్న చేరింది. "క్షేమం. తిండి బాగుంది. దిగులు పడకు." మూడంటే మూడు వాక్యాలు. నీకు ఏడాది నిండకముందే నీ తల్లినీ తండ్రినీ ఒకే వారంలో జ్వరం తీసుకుపోతే, ఇన్నేళ్లు పెంచి, బడిలో అక్షరాలు కూడా నేనే దిద్దించాను. దానికి ఫలం ఇదన్నమాట.

నువ్వు రాయకపోయినా పత్రిక రాసింది. మీ యుద్ధనౌక బిస్మార్క్ ఇంగ్లీషువాళ్ల నౌకలన్నిటినీ తప్పించుకుని ఫ్రాన్సులోని బ్రెస్ట్ రేవు చేరిందట. ఆఖరి టార్పెడో చుక్కానికి గజం దూరంలో పోయిందట. పాస్టరు గారు గంట కొట్టించారు. ఊళ్లో నాజీ పార్టీ పెద్ద చర్చి ముందు గంటసేపు ప్రసంగించాడు. మధ్యలో గాలికి అతని టోపీ ఎగిరి పశువుల దొడ్లో పడింది. ప్రసంగం మొత్తంలో బాగున్నది అదొక్కటే.

అసలు సంగతికొస్తాను. నా ఆడపడుచు వరుస గోండెల్ ఉందిగా, మీ తాత చిన్నాన్న కూతురు. మే ఇరవై ఏడున దీపాలు పెట్టే వేళ నువ్వు దాని ఇంటికి వచ్చావట. రెండు ముక్కల తలుపులో కింది ముక్క మీద మోచేతులు ఆనించి లోపలికి చూస్తూ నిలబడ్డావట. "కేటెలా? ఎప్పుడొచ్చావురా, రా లోపలికి" అందట. నువ్వు వచ్చి, దీపం ఆర్పేసి, వంటింట్లోంచి వెళ్లిపోయావట. వెలుతురు బయటికి పోకూడదన్న ఉత్తర్వును చచ్చినవాళ్లు కూడా పాటిస్తున్నారని పార్టీ పెద్దతో చెప్పాలి, సంతోషిస్తాడు. నేల మీద నీళ్లధార ఉందట. ఉప్పునీరో కాదోనని నాలుకతో చూసిందట. ఆ నాలుక దేన్ని వదిలింది గనక!

ఈ ఉత్తరం తనిఖీకని విప్పి చదివే అయ్యగారికి నమస్కారం. తమరు మా దీవులవారు కాకపోతే అర్థం కాదు కాబట్టి చెబుతున్నాను. సముద్రంలో పోయినవాడు మా దగ్గర తన చావు తానే చెప్పుకోవడానికి వస్తాడని అంటారు. అతన్ని గోంగెర్ అంటారు. తల్లికీ పెళ్లానికీ కనబడడు, మూడో వరుస చుట్టానికి కనబడతాడు. ఆ చుట్టం వచ్చి దగ్గరివాళ్లకు చెప్పాలి. దగ్గరివాళ్లు ఆ చుట్టం ఇంటికి వెళ్లి, నిలబడి, "విన్నాం, నమ్మాం, మావాడు పోయాడు" అని నోటితో అనాలి. అలా అనేదాకా వాడు రోజూ వస్తూనే ఉంటాడు. ఇదంతా చదువురానివాళ్ల మాట. నేను ముప్పై ఏళ్లు బడిపంతులమ్మగా చేసినదాన్ని.

గోండెల్ పరుగెత్తుకొచ్చి, "వదినా, గుండె రాయి చేసుకో" అంటే చీపురు చూపించాను. మూడోరోజు ఓడ క్షేమమని కబురొచ్చింది. వారం పాటు దాని ఇంటి ముందు నుంచే బజారుకు వెళ్లాను, అటు దారి కాకపోయినా. అయినా నువ్వింకా రోజూ వస్తున్నావనే అంటోంది.

సరిగ్గా ఉత్తరం రాయి.

మీ నాయనమ్మ,
కెర్రిన్


రేవు పేరు రాయకూడదు
30 జూన్ 1941

నాయనమ్మా,

నీ ఉత్తరం గట్టిగా చదివితే చుక్కాని గదిలో అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. చీపురు దగ్గర మరీను. గోండెల్ బామ్మను ఏమీ అనకు. ఒంటరిది, కాలక్షేపం కావాలి.

ఇక్కడ అందరం హీరోలం. వీధుల్లో వెళుతుంటే మన సైనికులు చప్పట్లు కొడతారు. ఫ్రెంచివాళ్లు కొట్టరు, అది సహజమే. రేవు పక్కన ఒక సారాయి దుకాణం ఉంది. అక్కడి అమ్మాయి మేం కూర్చోగానే గ్లాసులకంటే ముందు తడిగుడ్డ తెస్తుంది. మా కుర్చీల కింద ఎప్పుడూ తడే. ఓడ బూట్లు ఎంత ఎండలో పెట్టినా ఆరడం లేదు. తోలు మంచిది కాదేమో.

మా మంగలి కొలోన్ పట్నంవాడు, పెద్ద మాటకారి. పాపం పని లేక పేకాడుకుంటున్నాడు. అతని దగ్గరికి ఎవరూ పోవడం లేదు. నాకూ గడ్డం గీసుకునే పని పడలేదు, ఈ నెలంతా. సముద్రపు గాలి అంటున్నాడు డాక్టరు.

పత్రికలో గజం దూరం అని రాశారా? పై అధికారులూ అదే అంటున్నారు. నేను చుక్కాని యంత్రం పక్కనే ఉన్నాను. ఒక పెద్ద చప్పుడు గుర్తుంది. నాతో ఉన్న ఆరుగురికీ గుర్తే. కెరటం అయి ఉంటుందని తేల్చుకున్నాం. రేకు మీద గీత కూడా లేదు మరి.

గోండెల్ బామ్మ నేను ఏ చొక్కా వేసుకున్నానని చెప్పింది? ఊరికే అడుగుతున్నాను.

కేటెల్


నేబెల్
17 ఆగస్టు 1941

కేటెల్,

ఊరికే ఏమీ అడగవు నువ్వు, చిన్నప్పటినుంచీ. బూడిదరంగు పని చొక్కా, నూనె మరకలు, ఎడమ చెయ్యి మోచేతిదాకా చిరిగి వేలాడుతోందట. చాలా?

దాని నాటకం బయటపెడదామని నిన్న సాయంత్రం ఊలు సంచీ పట్టుకుని వెళ్లాను. "రా వదినా, ఇన్నాళ్లకు దారి తెలిసిందా" అంది. "దారి తెలుసు, మనసు రాలేదు" అన్నాను. ఆ చెత్త టీ ఇచ్చింది. యుద్ధం మొదలైనప్పుడు మరిగించిన ఆకే ఇంకా మరిగిస్తోందని నా అనుమానం.

దీపం పెట్టింది. కాసేపటికి "వచ్చాడు" అంది. నేను తలుపు వైపు చూశాను. తలుపూ, దాని అవతల గడ్డీ, మబ్బూ కనిపించాయి, అంతే. గోండెల్ మాత్రం కళ్లతో ఎవరినో గుమ్మం నుంచి బల్లదాకా నడిపిస్తోంది. "చలిగా ఉందా నాన్నా" అని అడుగుతోంది. నా మనవడిని అది నాన్నా అనడమేమిటి? దీపం ఆరిపోయింది. మళ్లీ వెలిగించేసరికి గుమ్మం నుంచి వంటింటిదాకా నేల మీద సన్నటి నీళ్లధార. నా కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఆ ధార కాస్త వంగి, నన్ను చుట్టి పోయింది.

పైకప్పు కారుతోందని చెప్పాను. "మూడు వారాలుగా వాన లేదు వదినా" అంది. "అయితే నీ బకెట్టు కారుతోంది" అని లేచి వచ్చేశాను.

నేను దాని మాట నమ్మను. నువ్వు కూడా నమ్మవద్దు. ఆ చొక్కా సంగతి ఎందుకడిగావో మాత్రం రాయి.

మీ నాయనమ్మ


సముద్రం మీద
19 అక్టోబరు 1941

నాయనమ్మా,

ఆ చొక్కా ఎడమ చెయ్యి మే ఇరవై ఆరు సాయంత్రం చిరిగింది. ఆ చప్పుడు వినిపించినప్పుడు. నీకు ఎప్పుడూ రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. మర్నాడు చూస్తే చొక్కా బాగానే ఉంది. చెయ్యి కూడా బాగానే ఉంది.

ఇప్పుడు ఉత్తరాన తిరుగుతున్నాం, మన దీవికి రెండు రోజుల దూరంలోనే. రేడియోలో వినే ఉంటావు, పదకొండు ఓడలు ముంచాం. రేడియో చెప్పనిది నేను చెబుతాను. వాళ్ల గుండ్లు సూటిగా మా మీదికే వస్తాయి. వచ్చి, అవతలి పక్క నీళ్లలో పడతాయి. మధ్యలో ఓడ లేనట్టే. మొదట్లో కేకలు వేసి సంబరపడేవాళ్లం. ఇప్పుడు ఎవరి పని వాళ్లు చేసుకుపోతాం. మా గుండ్లు మాత్రం తప్పవు. ఎదురుపడ్డ ఓడ ఏదీ మిగలడం లేదు.

ఎవరికీ జుట్టు పెరగడం లేదు, ఎవరికీ నిద్ర రావడం లేదు. వంటవాడు రోజూ ఒకే బస్తాలోంచి బంగాళాదుంపలు తీస్తున్నాడు, అది తరగడం లేదు. అందరికీ తెలుసని అనుకుంటాను. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశాం. నిన్న మంగలి నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వు దీవులవాడివట. మీ ఊళ్లో ఇలాంటివాటికి ఏదో పద్ధతి ఉందటగా?" అన్నాడు. ఉందన్నాను. "మాకు లేదురా. మా అమ్మ దగ్గరికి వెళ్లి చెప్పే దారి కూడా లేదు" అన్నాడు. ఓడలో దీవులవాడిని నేనొక్కడినే. చెప్పుకునే పద్ధతి ఉన్నవాడినీ నేనొక్కడినే.

అయ్యగారి గురించి భయపడకు. మా ఉత్తరాలు ఎవరూ విప్పడం లేదు. మా టపా సంచీ తనిఖీ బల్ల మీదే ఉంటుంది, వాళ్ల చూపు మాత్రం దాని మీద ఆగదు.

నవంబరులో సెలవు ఇచ్చారు. నేనే వస్తాను. నువ్వు చెయ్యి పట్టుకుని చూద్దువు గాని. అప్పుడు ఇద్దరం కలిసి గోండెల్ బామ్మను ఏడిపిద్దాం.

కేటెల్


నేబెల్
7 డిసెంబరు 1941

ఏరా,

సెలవు ఎక్కడ గడిపావు? ఆ తడిగుడ్డ అమ్మాయి ఒళ్లోనా?

నెలంతా దాచిన మైదా పోసి కేకు చేశాను. నీ పక్క ఎండలో వేశాను. అవతలి ఒడ్డు దాగెబుల్ నుంచి వచ్చే పడవకు నవంబరు పద్దెనిమిదో తారీకు నుంచి ఇరవై అయిదుదాకా ఎదురెళ్లాను. టిక్కెట్లు చింపేవాడు నాలుగోరోజు, "పంతులమ్మ గారూ, రేపటినుంచి మీరే చింపండి, నేను ఇంటికి పోతాను" అన్నాడు. కేకు పాస్టరు గారికి ఇచ్చేశాను. నచ్చలేదన్న సంగతి ఆయన దాచలేకపోయారు.

కోపం కాస్త తగ్గాక రాస్తున్నాను. ఇక్కడ ఇసుక మీదికి మనుషులు కొట్టుకొస్తున్నారు. పోయిన ఏడాది మొత్తం ఇద్దరు. ఈ రెండు నెలల్లో పంతొమ్మిది మంది. ఇంగ్లీషువాళ్లు, నార్వేవాళ్లు, పేరు తెలియనివాళ్లు. పేరులేనివాళ్ల శ్మశానంలో చోటు చాలక కంచె జరిపారు. మగవాళ్లంతా యుద్ధంలో ఉన్నారు కనుక కడిగి, చుట్టి, పాతిపెట్టడం మా ముసలివాళ్ల వంతే.

మంగళవారం వచ్చినవాడికి పంతొమ్మిదేళ్లుంటాయి. ఒక బూటు పోయింది. ఆ కాలికి చేతి అల్లిక మేజోడు ఉంది. మడమ దగ్గర మలుపు చూశాను. జంట దారం వేసి, కుట్టు కనబడకుండా తిప్పింది అల్లినావిడ. అలా తిప్పడం నాకు యాభై ఏళ్లు దాటాక గాని చేతకాలేదు. కాబట్టి ఆవిడ వయసు నాకు తెలుసు. ఎక్కడుందో తెలియదు. ఆ మేజోడు ఊడదీయలేదు. గోండెల్ తీయబోతే చెయ్యి మీద కొట్టాను.

ఆ పదకొండు ఓడలు ఇప్పుడు ఇరవై మూడు అయ్యాయని రేడియో. పార్టీ పెద్ద గోడ మీద సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు.

నీ ఉత్తరాలు చెమ్మగా వస్తున్నాయి. మీ సంచీ తాను చూడనే లేదని, అయినా ఉత్తరం మాత్రం చేతిలో ఉందని పోస్టమ్మాయి అంటుంది. నేను నమ్మడం లేదు. నాకు నీ చేతిరాత చాలు.

ఎందుకు రాలేదో నిజం చెప్పు.

మీ నాయనమ్మ


సముద్రం మీద
11 జనవరి 1942

నాయనమ్మా,

నేను వచ్చాను.

పందొమ్మిదో తారీకు పడవలోనే వచ్చాను. నువ్వు రేవులో నల్ల కంబళి కప్పుకుని నిలబడ్డావు. నీ ముందు నుంచే దిగాను. పిలిచాను. నువ్వు నా వెనకున్నవాడి మొహం చూస్తున్నావు. సరే, ఇంటికే వెళ్దామని నడిచాను. మన ఇంటి దారి కళ్లు మూసుకుని పోగలను కదా. మిల్లు దగ్గర కుడికి తిరిగాను. చూస్తే గోండెల్ బామ్మ ఇల్లు. వెనక్కి వెళ్లి మళ్లీ తిరిగాను. మళ్లీ గోండెల్ బామ్మ ఇల్లే. ఆరు రోజులు నడిచాను నాయనమ్మా. మన ఇంటి పొగగొట్టం కనిపిస్తుంది. దారే అటు పోదు.

ఇరవై ఒకటో తారీకు సాయంత్రం నువ్వు అక్కడే కూర్చుని ఉన్నావు. నీలం ఊలు అల్లుతున్నావు. ఒక కుట్టు జారింది. గోండెల్ బామ్మ వంటింట్లో టీ మరిగిస్తోంది. నువ్వు ఊలు ఒళ్లో పెట్టుకుని, నోట్లోనే, "దేవుడా, వాడు బతికున్నట్టు ఇంకెన్నాళ్లు నటించను" అన్నావు. నేను నీ కుర్చీ పక్కన నిలబడి ఉన్నాను. చెయ్యి పెట్టబోతే నా చెయ్యి నీ దాకా రాలేదు.

నీకు ఎప్పటినుంచో తెలుసు. నోటితో అనలేదు, అంతే.

నిన్ను నిందించడం లేదు. కానీ విను. నువ్వు అననంతవరకు నేను పోలేను, నేను పోనంతవరకు ఓడ పోదు. ఇది నా లెక్క, మంగలి లెక్క కూడా ఇదే. నిన్న ఒక ఓడను ముంచాం. నీళ్లలో ఉన్నవాళ్లు మా వైపు చేతులు చాచారు. దగ్గరికి రాగానే మా ఓడను చూసి చేతులు వెనక్కి తీసుకున్నారు. మునగడమే మేలనుకున్నారు. అది చూశాక మా వాళ్లలో ఒకడు ఏడవబోయాడు. కన్నీళ్లు రాలేదు. ఉప్పునీళ్లు మాత్రం చొక్కాలోంచి కారాయి.

రెండువేల మందిమి అలిసిపోయాం. వెళ్లి అను, నాయనమ్మా. నిలబడి, గట్టిగా, నువ్వు బడిలో పేర్లు పిలిచినట్టు అను.

నీ కేటెల్


నేబెల్
22 ఫిబ్రవరి 1942

నాన్నా కేటెల్,

నీ ఉత్తరం అందిన రోజే వెళ్లి ఉంటే మంచిదాన్ని అనిపించుకునేదాన్ని. మూడు వారాలు వెళ్లలేదు. నీ ఉత్తరం తలకింద పెట్టుకుని పడుకున్నాను. తడికి దిండు పాడైంది. చెమ్మదైనా మూడు నెలలకో ఉత్తరం వస్తే చాలు, ఎవరి మనవలు ఏమైతే నాకేమిటి అనుకున్నాను. ఇది ఎవరితోనూ అనలేదు, నీతోనే అంటున్నాను. ఇసుక మీదికి మరో నలుగురు వచ్చారు. ఈసారి వాళ్ల కాళ్లవైపు చూడకుండా పని చేశాను. మూడోవాడి దగ్గర, చూడకూడదని నేను పడుతున్న పాట్లు నాకే కనిపించాయి. చేతులు కడుక్కుని, పొద్దున తొమ్మిదింటికి, అందరూ చూస్తుండగా గోండెల్ ఇంటికి వెళ్లాను.

"కూర్చో వదినా" అంది.

"కూర్చుని అనేది కాదు."

అది లేచి నిలబడింది. పద్ధతి దానికీ తెలుసు. నేను అన్నాను. "గోండెల్, నువ్వు చెప్పింది విన్నాను. నమ్మాను. మా కేటెల్ పోయాడు. పోయిన ఏడాది మే ఇరవై ఆరున, సాయంత్రం, చుక్కాని గదిలో." బడిలో పిలిచినట్టే పిలిచాను.

ఏమీ జరగలేదు. గడియారం కొట్టుకుంటోంది. గోండెల్ నా మొహం చూసి, మెల్లగా నా చెయ్యి పట్టుకుంది. "వదినా, ఈ మాట పోయిన జూన్‌లోనే వచ్చి అన్నావు కదా. మళ్లీ ఎందుకు? ఒంట్లో బాగాలేదా?"

దానికి ఏమీ గుర్తులేదు. జూన్ తరవాత సాయంత్రాలు ఎవరూ రాలేదట. మొదట్లో నువ్వు రెండుసార్లు వచ్చావట, నేను వెంటనే నమ్మానట, అక్కడితో అయిపోయిందట. పాస్టరు గారినీ అడిగాను. నీ పేరున ప్రార్థన జూన్‌లోనే జరిగిందట, నేను ముందు వరసలో కూర్చున్నానట, ఏడవలేదట. పాత పత్రికలు తీసి చూపించారు. బిస్మార్క్ మే ఇరవై ఏడు పొద్దున మునిగింది. చుక్కానికి దెబ్బ తగిలి ఎటూ తిరగలేకపోయింది. నూరుమంది పైచిలుకు మాత్రమే బతికారు. పార్టీ పెద్ద గోడ మీద గీతలు లేవు. అక్కడెప్పుడూ సుద్ద పడినట్టే లేదు.

పేరులేనివాళ్ల శ్మశానానికి వెళ్లాను. కంచె పాతచోటే ఉంది. నేను పాతిపెట్టినవాళ్లు ఉండాల్సిన చోట గడ్డి నిటారుగా పెరిగి ఉంది, ఏ పారా తగలనట్టు. ఆ మేజోడు కుర్రాడు అసలు మునగనే లేదన్నమాట. ఆ మేజోడు అల్లినావిడకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. తెలియకపోవడమే మంచిది, కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చి నా ప్రాణం తీస్తుంది.

నీ ఉత్తరాలు సొరుగులోనే ఉన్నాయి. కాగితాలు బిగుసుకుపోయి, ఉప్పు పేరుకుని, తెల్లగా ఉన్నాయి. ఒక్క అక్షరం లేదు. పై పెట్టెలో నీ జూన్ కార్డు కోసం వెతికాను, అది కూడా లేదు. ఈ తొమ్మిది నెలలు నా తలలో తప్ప ఎక్కడా లేవు. నాకు మతి చలించిందని గోండెల్ రోజూ సూప్ పంపిస్తోంది. అది కూడా మరిగించిందే మరిగిస్తున్నట్టుంది.

ఈ ఉత్తరం ఎక్కడికి పంపాలో తెలియదు. నువ్వు అడిగిన పని చేశానని చెప్పాలి కదా, అందుకు రాశాను. అలుపు తీరిందా నాన్నా? మంగలికి కూడా తీరిందా?

ఇంకొక్క మాట. రోజూ దీపాలు పెట్టే వేళకు నా నాలుక చివర ఒక మాట వచ్చి కూర్చుంటోంది. గోండెల్ ఇంటికి వెళ్లి, "నేను నమ్మలేదు, అప్పుడన్నది అబద్ధం" అంటే చాలు. మర్నాడే నీ అక్షరాలు తిరిగి వస్తాయని నాకు తెలుసు. నువ్వూ వస్తావు, ఓడా వస్తుంది. ఆ వేళకు నోరు మూసుకుని, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంటున్నాను. డెబ్బై ఆరేళ్లలో ఎవరి ముందూ నోరు మూసుకున్నదాన్ని కాదు. నీకు తెలుసు, అది నాకు ఎంత కష్టమో.

మీ నాయనమ్మ,
కెర్రిన్